మురిగిపోయే ఓటు, మిగిలిపోయే ప్రశ్న

2024 ఎన్నికలకు కొద్దిరోజుల ముందు గాజువాకలో బస్సు కోసం నిలబడివుంటే నా పాత విద్యార్థి ఒకడు కనిపించాడు. ఒక కర్మాగారంలో కాంట్రాక్టు పనివాడు. ఎవరికి ఓటేస్తావని నేనడగలేదు. నా చేతిలోని ఎర్ర కరపత్రాలు చూసి అతనే అన్నాడు: "మీవోలు మంచోలే మేస్టారూ, కాదన్ను. మీకేస్తే ఓటు మురిగిపోద్ది కదేటి? ఈడు రాకూడదంటే ఆడికెయ్యాల." బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయాడు. అతనికి వెంటనే చెప్పదగ్గ జవాబు నా దగ్గర లేకపోయింది.

ఇది పార్టీ పత్రికల్లో చర్చించుకోవలసిన విషయం కదా, సాహిత్య విమర్శకు దీనితో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. పని వుంది. ఆ కుర్రవాడి ప్రశ్నకు మన కథలూ కవితలూ చాలాకాలంగా రెండే రెండు జవాబులు చెబుతున్నాయి. "రెండు పార్టీలూ ఒకటే" అన్నది మొదటిది. "ప్రస్తుతానికి తక్కువ ప్రమాదకరమైనదాన్ని ఎన్నుకో" అన్నది రెండోది. మొదటి జవాబు విన్నవాడికి చెయ్యటానికి ఏ పనీ మిగలదు. రెండో జవాబు అతనికి మనకన్న ముందే తెలుసు. తెలిసినదాన్నే మళ్లీ చెప్పి, దానికి అభ్యుదయమని పేరు పెట్టటం రచయిత చెయ్యవలసిన పనికాదు. కాబట్టి రెండు పార్టీల వ్యవస్థలో ప్రగతిశీల శక్తులు తమ ప్రభావాన్ని ఎలా సంపాదించుకున్నాయో, ఎలా పోగొట్టుకున్నాయో మన రాష్ట్ర చరిత్రనుంచే పరిశీలిద్దాం.

1

ఓటు మురిగిపోతుందన్న భయం ఓటరు అజ్ఞానంలోంచి పుట్టింది కాదు. ఒక్కొక్క నియోజకవర్గంలో అందరికన్న ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో మూడోవాడికి చోటు తగ్గుతూపోతుందని ఫ్రెంచి రాజనీతి పండితుడు మారిస్ దువెర్జే 1951లోనే వివరించాడు. ఆ సూత్రం మనకు పుస్తకంలో చదవకముందే అనుభవంలోకి వచ్చింది. 1952లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. 1955లో ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగితే వారి ఓట్లు పెరిగి దాదాపు 31 శాతానికి చేరాయి. స్థానాలు మాత్రం 196లో 15కి పడిపోయాయి. వారికి ఎదురుగా వున్న పక్షాలు చాలావరకు కాంగ్రెసు చుట్టూ ఒక్క కూటమిగా చేరటమే కారణం. ఓట్లు పెరిగి ఓడిపోవటమంటే ఏమిటో తెలుగు అభ్యుదయ సాహిత్యానికి ఆనాడే తెలియవచ్చింది. 1943లో తెనాలిలో ఆవిర్భవించిన అభ్యుదయ రచయితల సంఘం ఆ ఓటమి తర్వాత చాలాకాలం నీరసించిపోయిన సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే.

1983లో తెలుగుదేశం అధికారంలోకి రావటంతో రాష్ట్రంలో రెండు స్తంభాలు స్థిరపడ్డాయి. ఒకవైపు తెలుగుదేశం, రెండోవైపు కాంగ్రెసు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసు స్థానంలోకి వై.యస్.ఆర్. కాంగ్రెసు వచ్చింది. స్తంభం పేరు మారిందిగాని నిర్మాణం మారలేదు. ఈ నలభై ఏళ్లలో వామపక్షాల స్థానాలు పొత్తును బట్టి పెరిగాయి, పొత్తును బట్టి తరిగాయి. 1994లో తెలుగుదేశంతో కలిసినప్పుడు సి.పి.ఐ.కి 19, సి.పి.ఎం.కి 15 వచ్చాయి. 1999లో విడిగా పోటీచేస్తే సి.పి.ఎం.కి రెండు దక్కాయి, సి.పి.ఐ.కి ఒక్కటీ రాలేదు. 2004లో కాంగ్రెసుతో కలిస్తే 9, 6 వచ్చాయి. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019, 2024 మూడుసార్లూ సున్నాయే. ఇవి అద్దె ఇంట్లో పెట్టుకున్న సామానులాంటి స్థానాలు. యజమాని ఖాళీ చెయ్యమన్ననాడు ఖాళీ చెయ్యవలసిందే.

ఇంతవరకు చెప్పింది అందరికీ తెలిసిన విషాదగాథ. అయితే ఈ అంకెల పక్కనే మరో లెక్క పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1994లో 34 మంది సభ్యులతో మిత్రపక్షాలుగా వున్న రోజుల్లో వామపక్షాలు ఏం ఆపగలిగాయి? రెండు రూపాయల కిలో బియ్యం 1996లో మూడున్నర అయింది. మద్యనిషేధం 1997లో సడలిపోయింది. విద్యుత్తు రంగంలో ప్రపంచబ్యాంకు సంస్కరణలకు రంగం సిద్ధమయింది. వామపక్షాలు వీటిని వ్యతిరేకించాయి, ప్రకటనలు చేశాయి. కాని తెలుగుదేశానికి సొంతంగా 216 స్థానాలున్న సభలో మిత్రుడి అసమ్మతికి విలువెంత? అదే వామపక్షాలు సభలో ఇద్దరే సభ్యులు మిగిలిన 2000 సంవత్సరంలో విద్యుత్తు ఛార్జీల పెంపుమీద రాష్ట్రాన్ని కదిలించాయి. ముప్పైనలుగురు చెయ్యలేని పనిని ఇద్దరే వున్నప్పుడు ఎలా చెయ్యగలిగారు? ఈ వైరుధ్యాన్ని విప్పగలిగితే మనకు కావలసిన జవాబు దొరుకుతుందని నా అభిప్రాయం.

2

మూడు ఉద్యమాలను వరసగా తీసుకుందాం. మొదటిది మన ఊరిదే. ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైన చోటని ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం 1965లో సూచించినా కేంద్రం నాన్చుతూవచ్చింది. 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్ష ప్రారంభించాడు. విద్యార్థులు, కార్మికులు, కమ్యూనిస్టులు, తెన్నేటి విశ్వనాథం వంటి పెద్దలు ఒక్క తాటిమీదికి వచ్చారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తంమీద ఆ ఉద్యమంలో 32 మంది బలయ్యారు. 1967 ఎన్నికల్లో రాష్ట్రంలో మళ్లీ కాంగ్రెసే గెలిచింది. విశాఖ ఓటర్లు మాత్రం తెన్నేటిని స్వతంత్రుడిగా లోక్‌సభకు పంపారు. ఓట్ల లెక్కలో చూస్తే ఉద్యమం ఓడిపోయినట్టే. అయినా గెలిచిన కాంగ్రెసే 1970 ఏప్రిల్‌లో కర్మాగారాన్ని ప్రకటించవలసివచ్చింది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. ప్రభుత్వాన్ని మార్చలేకపోయిన ప్రజలు ఆ ప్రభుత్వం చేత తమ పని చేయించుకున్నారు.

రెండోది నెల్లూరు జిల్లా సారా ఉద్యమం. దీన్ని సాహిత్య విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. ఎందుకంటే ఆ ఉద్యమం పుట్టుకలో ఒక వాచకానికి పాత్ర వుంది. 1990 దశకం మొదట్లో అక్షరదీపం కార్యక్రమం కింద ఊళ్లలో రాత్రిబడులు నడిచాయి. ప్రగతిశీల కార్యకర్తలు, జనవిజ్ఞానవేదికవారు అందులో పనిచేశారు. సారాతో నాశనమైన సంసారం కథ పాఠంగా చదివిన ఆడవాళ్లు ఆ చర్చను బడిలోనే వదిలిపెట్టలేదు. దూబగుంటలో దుకాణం మూయించారు. దూబగుంట సంగతి మళ్లీ పాఠమై మిగతా ఊళ్లకు పోయింది. 1992 నాటికి జిల్లాలో సారా వేలంపాటలు జరగటమే కష్టమయింది. కాంగ్రెసు ప్రభుత్వం 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. తెలుగుదేశం అంతకన్న ముందుకుపోయి సంపూర్ణ నిషేధం వాగ్దానం చేసి 1995 జనవరిలో అమలుచేసింది. రెండు పార్టీలూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పటానికి పోటీపడ్డాయి. ప్రశ్న ఏ పార్టీదీ కాదు. కూడబలుక్కుని అక్షరాలు చదివే ఆడవాళ్లది.

మూడోది ఇంతకుముందు చెప్పిన విద్యుత్తు ఉద్యమం. వామపక్షాలు మొదలుపెట్టిన పోరాటంలో కాంగ్రెసు కూడా కలిసింది. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పెంచిన ఛార్జీలను ప్రభుత్వం పూర్తిగా ఉపసంహరించుకోలేదుగాని, వ్యవసాయానికి కరెంటు అన్న విషయం 2004 ఎన్నికలకు కేంద్రమయింది. ఆ ఏడాది మే 14న వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత విద్యుత్తుమీదే పెట్టాడు. పంట వేసింది ఒకరు, కోసుకున్నది మరొకరు అని అప్పట్లో మనవాళ్లు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం వుంది. అయినా ఆ పంట రైతు ఇంటికే చేరిందన్న విషయం మరచిపోకూడదు.

ఈ మూడింటిలోనూ ఉమ్మడిగా కనిపించే లక్షణం ఒకటుంది. రెండు పార్టీల మధ్య పోటీ తీవ్రంగా వున్నప్పుడు, ఆ రెండింటికీ బయట నిలబడి, రెండింటినీ ఒకేసారి అడిగిన ప్రశ్నకు బలం వచ్చింది. ఒక పార్టీ జేబులో వుండి అడిగిన ప్రశ్నకు ఆ బలం రాలేదు. మిత్రుడు తనను వదిలిపోడని తెలిసిన పార్టీ ఆ మిత్రుడి మాట వినవలసిన అవసరం లేదు. ఇంగ్లండులో 1838నాటి చార్టిస్టులు ఏనాడూ అధికారంలోకి రాలేదు. వాళ్ల ఆరు కోర్కెల్లో అయిదు మాత్రం వాళ్ల తర్వాతి తరాల్లో, వాళ్లను అణచివేసిన పార్టీల చేతుల మీదుగానే చట్టాలయ్యాయి.

3

ఇక్కడ ఆగిపోతే ఇది ఆత్మతృప్తి వ్యాసమవుతుంది. స్థానాలు రాకపోయినా మన ప్రశ్నలు గెలుస్తున్నాయి కదా అని చేతులు దులుపుకోవచ్చు. చరిత్ర దానికి ఒప్పుకోదు. మద్యనిషేధం వచ్చిన రెండేళ్లకే పోయింది. ఉచిత విద్యుత్తును మాత్రం 2004 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు. రెండూ ప్రజలు పోరాడి తెచ్చుకున్నవే. ఒకటి నిలబడి, మరొకటి ఎందుకు కూలిపోయింది?

మద్యనిషేధం ప్రభుత్వ ఖజానాకూ మద్యం వ్యాపారులకూ ఎదురునిలిచిన కోర్కె. దాన్ని తెచ్చిన ఆడవాళ్లకు ఊరుదాటిన శాశ్వత నిర్మాణం ఏర్పడలేదు. దుకాణం మూతపడ్డాక ఎవరి పనుల్లోకి వారు వెళ్లారు. వ్యాపారులూ ఖజానా మాత్రం ఎక్కడికీ పోలేదు, అదను కోసం కాచుకుని కూర్చున్నాయి. ఉచిత విద్యుత్తు అందుకు భిన్నం. దానికి ప్రతి పొలంలోనూ ఒక మోటారు, ప్రతి మోటారుకూ ఒక యజమాని కాపలా వున్నారు. అంతేకాదు, అది ఏ ఆస్తినీ ముట్టుకోలేదు. బోరు వున్నవాడికి ఎక్కువ మేలు చేసింది, కౌలుకు చేసుకునేవాడికి తక్కువ మేలు చేసింది. అందుకే పాలకపక్షాలు రెండూ దాన్ని సుళువుగా మింగగలిగాయి. కౌలురైతుకు అప్పు పుట్టించటానికి 2011లో చట్టం వచ్చింది, 2019లో మరో చట్టం వచ్చింది. భూయజమాని సంబంధం తగిలేసరికి ఆ కాగితాలు ఎంత నెమ్మదిగా నడుస్తున్నాయో గోదావరి జిల్లాల్లో ఏ కౌలురైతును అడిగినా చెబుతాడు.

కాబట్టి ప్రశ్నను లేవదియ్యటం సగం పనే. అది ఎవరికి నష్టం కలిగిస్తుందో ముందే గుర్తించటం, దాన్ని సాధించినరోజునుంచీ కాపాడే జనాన్ని నిలిపివుంచటం మిగతా సగం. మన ఉద్యమాలు మొదటి సగంలో ఎంత చురుకో రెండో సగంలో అంత బద్ధకం. విజయోత్సవ సభ కాగానే బ్యానరు చుట్టేసి అటకమీద పెడతాం.

4

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం. మాటలు మన శాఖ. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదాన్ని ఒక రచనగా పరిశీలించండి. ఉక్కు, హక్కు అన్న అంత్యప్రాస దాన్ని చదువురానివాడి నాలుకమీద కూడా నిలిపింది. ప్రాంతాలకు అతీతంగా జనాన్ని కలిపింది. 1966లో అంతకన్న మంచి నినాదం వుండటానికి వీల్లేదు. అయితే అందులో హక్కుదారు "ఆంధ్రులు". కొలిమి దగ్గర మాడే కార్మికుడు అందులో లేడు. భూములిచ్చి ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన నిర్వాసితుడూ లేడు. ఆనాడు ఆ లోపం అడ్డురాలేదు, ఎందుకంటే ఎదుటివాడు ఢిల్లీ. ఈనాడు అడ్డువస్తున్నది.

2021 జనవరి 27న కేంద్రమంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో తన వాటానంతా అమ్మివెయ్యటానికి ఆమోదం తెలిపింది. కార్మికసంఘాలు కలిసి ఫిబ్రవరినుంచి కూర్మన్నపాలెం దగ్గర రిలే దీక్షలు ప్రారంభించాయి. అదే ఏడాది శాసనసభ అమ్మకాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. రాష్ట్రంలో ఒకరినొకరు చూసుకోలేని రెండు పార్టీలూ ఈ నినాదాన్ని ఒకే గొంతుతో పలికాయి. ఢిల్లీలో మాత్రం రెండూ, ఎవరి సమయంలో వారు, అమ్ముతానన్న ప్రభుత్వానికే అండగా నిలబడ్డాయి. పలకటానికి వారికి కష్టమేమీ కలగలేదు. ఆ నినాదం వారి దగ్గరనుంచి ఏ పనీ అడగలేదు కనక. "సొంతగనులు ఇప్పించకపోతే మీ మద్దతు ఎందుకు?" అని అడిగివుంటే, "కాంట్రాక్టు కార్మికుణ్ణి తీసెయ్యకుండా కర్మాగారాన్ని నిలబెడతారా?" అని అడిగివుంటే జవాబు చెప్పటం కష్టమయ్యేది. దీక్షాశిబిరంలో కార్మికులు ఈ ప్రశ్నలు అడిగారు. మన కవితల్లో, పాటల్లో మాత్రం పాత నినాదమే ప్రతిధ్వనించింది.

ఆ పోరాటం వృథా కాలేదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ఆర్థిక సహాయాన్ని ప్రకటించింది. నాలుగేళ్లు శిబిరం ఎత్తకుండా కూర్చున్నవారు లేకపోతే ఆ డబ్బు వచ్చేదని నేననుకోను. అయితే అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపులూ జరిగాయి. కర్మాగారం మిగలాలి అన్నంతవరకే అడిగిన నినాదానికి, ఎవరితో మిగలాలి అన్న ప్రశ్న వెయ్యటం చేతకాలేదు.

5

మళ్లీ మన కథల దగ్గరికి వస్తాను. ఎన్నికలమీద వస్తున్న కథల్లో ఒక మూస స్థిరపడింది. ఊళ్లో ఇద్దరు నాయకులు. ఇద్దరూ డబ్బు పంచుతారు. మధ్యలో ఒక పేదవాడు మోసపోతాడు లేదా చస్తాడు. చివరివాక్యంలో కొత్త నాయకుడు పాత నాయకుడిలాగే నవ్వుతాడు. ఇద్దరూ ఒకే వర్గానికి చెందినవారన్న సత్యం ఇందులో వుంది, నేను కాదనను. కాని సత్యం చెప్పటంతో సరిపెట్టుకుని, ఆ ఇద్దరిలో ఎవడు దేనికి భయపడతాడో చెప్పకపోతే వాస్తవికత పూర్తికాదు. సారా వేలం ఆగిన ఊళ్లో కాంట్రాక్టరు ముఖం ఎలా వుందో రాసిన కథ ఎక్కడ? అలాంటి కథ రాయటానికి నాయకుల ఇళ్లచుట్టూ కాక రాత్రిబడుల చుట్టూ తిరగాలి.

రావిశాస్త్రి "ఆరు సారా కథలు" ఈ విషయంలో మనకు పాఠం. ఆంధ్ర జిల్లాల్లో ఒక మద్యనిషేధం అమల్లో వున్న కాలం కథలవి. ఏ పార్టీ గెలిచిందన్న సంగతితో ఆ కథలకు పనిలేదు. పైనుంచి దిగివచ్చిన చట్టం పోలీసు చేతిలో, కోర్టు మెట్లమీద, సారా అమ్ముకునే పేదవాళ్ల బతుకులో ఏమవుతుందో ఆయన చూపించాడు. ఆ నిషేధాన్ని 1992లో కిందినుంచి పుట్టిన నిషేధంతో పోల్చి చదివితే, ఒకే చట్టం రెండు తీరుల్లో ఎలా నడుస్తుందో తెలుస్తుంది. పల్లెటూరి ఆడవాళ్లు చూపిన ఆ రెండో తీరుకు ఇంకా రావిశాస్త్రి దొరకలేదు.

ఎన్నికల బాటే మోసమని నమ్మే మిత్రులు నా మీద ఆగ్రహించవచ్చు. 1970 ఫిబ్రవరి 1న ఈ విశాఖలోనే, శ్రీశ్రీ షష్టిపూర్తి సభలో, రచయితలు ఎటువైపు వున్నారో తేల్చుకోమని విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. తెలుగు సాహిత్యానికి ఆ కరపత్రం చేసిన మేలు తక్కువది కాదు. కాని ఎటువైపు అన్న ప్రశ్నకు జవాబు చెప్పినంత మాత్రాన, అవతలివైపు వున్న ఇద్దరి మధ్య తగాదాను మనవైపు జనం ఎలా వాడుకోవాలన్న ప్రశ్న తీరిపోదు. ఓటు వెయ్యనివాడికి కూడా రేషన్ కార్డు కావాలి, కరెంటు బిల్లు వస్తుంది.

ఆ కుర్రవాడు మళ్లీ కనిపిస్తే ఇప్పుడు ఏం చెబుతానని అడగండి. నీ ఓటు మురిగిపోదని అబద్ధం చెప్పను. మురిగిపోవచ్చు. ఆ ఒక్కరోజు నీ లెక్క నువ్వు చూసుకో. మిగతా అయిదేళ్లూ నీ సంఘంలో వుండు. ఎవడు గెలిచినా అడగవలసిన ప్రశ్న ఏమిటో నువ్వు చెప్పు, దాన్ని అందరి నోటికీ వచ్చేలా, అవతలివాడు ఊరికే పలికేసి తప్పించుకోలేని విధంగా రాసిపెట్టటం నా పని. దూబగుంట ఆడవాళ్ల చేతికి వాచకం రాసిచ్చినవాడి పేరు మనలో చాలామందికి తెలియదు. అలాంటి పనికి మన పత్రికలో, మన సంఘంలో ఎంతమంది సిద్ధంగా వున్నారో ముందు మనం లెక్కపెట్టుకోవాలి.